నోరున్న చక్రం

షాపు ముందు వీధి పల్లం కావడమే వచ్చిన చిక్కు. ఎగువ నుంచి సైకిలు మీద వచ్చేవాడెవడూ ఆ వాలులో తొక్కడు. పెడళ్ళ మీద కాళ్ళు ఆనించి, నడుం నిటారుగా పెట్టి, రాజుగారిలా వదిలేస్తాడు. తొక్కడం ఆపిన క్షణం నుంచి వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బులోని చిన్న చిన్న నాలుకలు లోపలి పళ్ళ మీద తన్నుకుంటూ మోగడం మొదలెడతాయి. మామూలు సైకిలుకైతే అది టిక్కుటిక్కుమంటూ తన మానాన తాను పోతుంది. ఈ మౌంటెన్ బైకుల వాళ్ళున్నారే, వాళ్ళు ఏరికోరి గట్టిగా మోగే హబ్బులు వేయించుకుని, వీధి వీధంతా తల తిప్పి చూసేలా టర్ర్‌ర్‌మనిపించుకుంటూ దిగుతారు.

"కాళ్ళకి గజ్జెలు కట్టుకోరాదట్రా నాయనా! చక్రం మార్చే శ్రమన్నా తప్పేది!" అని వెనక గదిలో కూచునే అరిచేది బెండక్క.

ఆవిడకి యాభై రెండేళ్ళు. ముందు గదిలో తమ్ముడు అమ్ముతాడు, వెనక గదిలో అక్క చక్రాలు కడుతుంది. వంకరపోయిన చక్రానికి బెండు తీయడంలో ఆ చుట్టుపక్కల ఆవిడని మించినవాళ్ళు లేరు కాబట్టి బెండక్క అన్నారు. మనుషులకి కూడా అంతే శ్రద్ధగా బెండు తీస్తుంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. షాపుకొచ్చే వాళ్ళందరికీ ఆవిడ దగ్గర కూడా ఒక్కో పేరుంది. బరువు తగ్గుతుందని తేలికపాటి కార్బన్ ఫ్రేము కొని, సీటు బోల్టు దాకా మార్పించుకుని, తన పొట్టని మాత్రం అలాగే ఉంచుకున్నాయన 'పొట్ట కార్బన్'. బురద టైర్లు కొని బురద కనబడితే దిగి నడిచే ఆయన 'ఇస్త్రీ టైర్లు'. వీళ్ళెవరి మీదా ఆవిడకి కోపం లేదు. కోపం రావాలంటే అవతలివాడికి కొంచెమైనా విలువివ్వాలి కదా. ఆవిడకున్నది చులకన. అది పొద్దున షట్టరుతో పాటే పైకి లేచేది, సాయంత్రం షట్టరుతో పాటే దిగేది.

మంగళవారం పదకొండింటికి వచ్చినాయనకి పేరు పెట్టడానికి ఆవిడకి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తోసుకొచ్చిన మౌంటెన్ బైకు నిజంగా కొండలెక్కినదే, ఫ్రేము కింద ఎండిన మట్టి అట్టలు కట్టి ఉంది. బెండక్క వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ కదిపింది. గడగడలాడింది.

"బేరింగులు పోయాయి. అవి కూచునే గిన్నె కూడా అరిగిపోయింది. రిమ్ము బావుంది. హబ్బొక్కటీ మార్చాలి," అంది.

"అందుకేనండీ వచ్చాం. ఈసారి మంచిది వేయిద్దామని."

మంచిది అన్న మాట వినగానే బెండక్క కొంచెం మెత్తబడింది. తమ్ముడు అద్దాల బీరువా తెరిచి, బల్ల మీద గుడ్డ పరిచి, నాలుగు హబ్బులు వరసగా పెట్టాడు. వాడి వాలకం చూస్తే వజ్రాలమ్ముతున్నాడనుకోవాలి.

"ఇటు చూడండి," అంది బెండక్క, చేతులు తుడుచుకుంటూ. "మంచి హబ్బంటే చూడాల్సింది మూడే. ఒకటి బేరింగు మూత, మట్టీ నీళ్ళూ లోపలికి పోకూడదు. రెండు ఇరుసు, దూకినప్పుడు వంగకూడదు. మూడు ఊచలు దూరే బెజ్జాలు. వీటి అంచులు నున్నగా లేకపోతే ఊచ మెడ దగ్గర తెగుతుంది. ఇదిగో, ఈ నాలుగోది పట్టుకెళ్ళండి. తుంపర కూడా లోపలికి పోదు. అసలు ఉందో లేదో కూడా తెలీదు, అంత నిశ్శబ్దం."

ఆయన తల ఓ పక్కకి వంచి, నేల చూపులు చూస్తూ, శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఆ నాలుగోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. పెట్టేశాడు. మూడోది తిప్పాడు. రెండోది, మొదటిది. కళ్ళు మూసుకుని మళ్ళీ మూడోది తిప్పాడు.

"ఇంకొంచెం గట్టిగా మోగేది ఉందాండీ?"

బెండక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు.

"మీరు హబ్బు కొంటున్నారా, హారను కొంటున్నారా?"

ఆయన నవ్వాడు. "అది కాదండీ, మాకు శబ్దం ఎందుకంటే..."

"ఎందుకో నాకు తెలుసు లెండి. ఈ వీధిన పోయే వాళ్ళందరికీ అందుకే. చూడాలిగా మరి, జనం!"

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. ఒకసారి వాకిలి వైపు చూశాడు. వాకిట్లో ఒకావిడ ఇంకో సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. సైకిలు తొక్కేవాళ్ళు పెట్టుకునే రంగుటద్దాలు, మోకాళ్ళకి మట్టి మరకలు. భార్య కాబోలు. బెండక్క మర్యాదకి తల ఊపింది. ఆవిడ పలకలేదు సరికదా, పెదవి కూడా కదపలేదు. మొహం ఎటో పెట్టుకుని అలాగే నిలబడింది. అబ్బో, అనుకుంది బెండక్క. ఆయనకి మోత పిచ్చి, ఈవిడకి పొగరు. భలే కుదిరారు ఇద్దరూ.

"ఈ మూడోది వేయండి," అన్నాడాయన చివరికి. "దూరానికి కూడా వినబడేలా ఉంది. తడిస్తే దీని గొంతు తగ్గుతుందా?"

"ఎంతమాట సార్! వానలో కూడా కణేల్‌మంటుంది," అన్నాడు తమ్ముడు. సైకిలుని ఎప్పుడూ వానలో తడపనివాడు.

సైకిలు షాపులో వదిలేసి ఆ ఇద్దరూ వెళ్ళారు. వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే బెండక్క గొంతు సన్నం చేసి, "తడిస్తే దీని గొంతు తగ్గుతుందాండీ? జలుబు చేస్తుందేమోనండీ, కషాయం పట్టమంటారా?" అంది. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. సైకిలుకి కట్టిన చీటీ మీద ఆవిడ 'చెవులాయన' అని రాసింది.

చక్రం కట్టడానికి బుధవారం కూచుంది. ముప్పైరెండు ఊచలు. ఒక్కోదాన్నీ హబ్బు బెజ్జంలోంచి లాగి, చివర మరకి చుక్క నూనె రాసి, రిమ్ముకి తగిలించడం. రిమ్ము చేరేలోగా ప్రతి ఊచా ఇంకో మూడింటిని దాటాలి. రెండింటి పైనుంచి పోవాలి, మూడోదాని కింద దూరాలి. అలా ఒకదాన్నొకటి పట్టుకుంటేనే చక్రానికి బలం. ఆ పని చేస్తున్నప్పుడు బెండక్క ఎవరినీ ఏమీ అనదు. పెదాలు బిగించి, మోకాళ్ళ మధ్య రిమ్ము పెట్టుకుని, ఊచల తాళంతో పావు తిప్పు, అర తిప్పు బిగిస్తూ పోతుంది. మధ్యాహ్నానికి చక్రం నిలబడింది.

తర్వాత అసలు పని. స్టాండుకి బిగించి, గోటితో ఊచల్ని ఒక్కొక్కటే మీటడం. కుడివైపు పదహారూ ఒకే గొంతుతో పలకాలి. ఎడమవైపు పదహారూ దానికంటే కాస్త బొంగురుగా పలకాలి, కాని వాటిలో వాటికి తేడా రాకూడదు. ఊచల బిగువు కొలిచే మీటరు ఒకటి సొరుగులో పడి ఉంది. ఆవిడ దాన్ని ఏనాడూ నమ్మలేదు. ఏ చక్రం సంగతైనా ఆవిడకి చెవి చెప్పాల్సిందే. కళ్ళు మూసుకుని మీటింది. పదకొండో ఊచ దగ్గర ఆగి, పావు తిప్పు సడలించి, మళ్ళీ మీటింది. ఇప్పుడు కుదిరింది.

చక్రం తిప్పి వదిలింది. రిమ్ము గీత గీసినట్టు నిలకడగా తిరుగుతోంది. చేసినావిడ చూసుకుని మురిసిపోవలసిన చక్రం. కాని ఆ హబ్బు! గదంతా టర్ర్‌ర్‌మని ఒకటే రొద.

"ఒంట్లో అన్నీ మంచి గుణాలే. నోరొక్కటే చెడ్డది," అంది బెండక్క.

గ్రీజు డబ్బా దించింది. హబ్బు పక్క భాగం ఊడదీసింది. లోపల మూడు చిన్న నాలుకలు, వాటి కింద వెంట్రుకంత స్ప్రింగులు, పల్చగా నూనె తడి. అక్కడ అంతకుమించి ఏమీ ఉండకూడదు. చిక్కటి గ్రీజు పెడితే నాలుకలు బద్ధకిస్తాయి, చలికి అతుక్కుపోతాయి కూడా. అది ఆవిడకి తెలియక కాదు. రెండు వేళ్ళతో ముద్ద తీసింది.

"అక్కా, అదేంటి?" అన్నాడు తమ్ముడు, గుమ్మంలో నిలబడి. "అక్కడ గ్రీజు పెట్టినవాళ్ళని నువ్వేగా తిడతావు?"

"వాళ్ళు తెలీక పెడతారు. నేను తెలిసి పెడుతున్నా."

"ఆయన పనిగట్టుకుని మరీ చెప్పాడు కదే, మోగాలని."

"నేను కట్టిన చక్రం వీధిలో కేకలేసుకుంటూ పోతే నా పరువేం కాను? నాలుగు రోజులు మోగకపోతే వాడే మర్చిపోతాడు. దీని నోరు నేను మూయిస్తా చూడు."

తమ్ముడు తలూపి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. ఎవరేమన్నా సరేననడంలోనే వాడి బతుకంతా గడిచింది. ఇప్పుడు కొత్తగా కాదంటాడని ఆవిడ కూడా అనుకోలేదు.

శుక్రవారం చెవులాయన ఒక్కడే వచ్చాడు. సైకిలు వెనకభాగం ఎత్తి, పెడలు ఒక తిప్పు తిప్పి వదిలి, చెవి పక్కకి వంచాడు. చక్రం గొణిగింది.

"మొన్నటంత మోగడం లేదేమోనండీ," అన్నాడు.

తమ్ముడు దగ్గాడు.

"కొత్తది కదండీ. నాలుగు రోజులు తిరగనివ్వండి, అదే నోరు తెరుస్తుంది," అంది బెండక్క. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, విన్నవాళ్ళెవరైనా ముప్పై ఏళ్ళ అనుభవం మాట్లాడుతోందనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

"మీరు చెప్పాక ఇంకేముందండీ. చక్రం మాత్రం... ఇంత తీరుగా తిరిగే చక్రం నేను ఇంతవరకు చూడలేదు." రిమ్ము మీద బొటనవేలు ఆనించి చుట్టూ తిప్పాడు, ఎక్కడా తగల్లేదు. రెండు చేతులూ జోడించి మరీ వెళ్ళాడు.

పనితనం తెలిసినవాడే, అనుకుంది బెండక్క. ఆ రోజంతా ఆవిడకి కాఫీ కూడా రుచిగా ఉంది.

సోమవారం షాపు తెరిచిన గంటకి ఆ ఇద్దరూ వచ్చారు. సైకిళ్ళు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. ఆయన భార్య సైకిలు హ్యాండిలు పక్కకి తిరిగిపోయి ఉంది. ఆవిడ మోచేతికి కట్టు, చెంప మీద పొడుగాటి గీతలు. రంగుటద్దాలు లేవు. ఒక చెయ్యి ఆయన భుజం మీద ఉంది.

"రెండు మెట్లు," అన్నాడాయన మెల్లగా. ఆవిడ పాదంతో తడిమి, రెండు మెట్లెక్కింది.

బెండక్క వెనక గదిలోంచి చేతిలో ఊచల తాళంతోనే వచ్చి నిలబడిపోయింది. ఆయన భార్య కళ్ళు ఇటువైపే తిరిగి ఉన్నాయి. ఎవరి మీదా ఆగడం లేదు. మంగళవారం తను తల ఊపింది ఈ కళ్ళకి.

"చక్రం కట్టినావిడ ఉన్నారా?" అంది ఆవిడ.

"ఉన్నా."

"తప్పు మాదేనండీ," అన్నాడాయన, ఆవిడ ఇంకేమీ అనకుండానే. "నాలుగు రోజులు తిరగనివ్వమన్నారు మీరు. మేం ఆగలేదు. అది నోరు తెరవకముందే నిన్న కొండకి తీసుకెళ్ళాం."

బెండక్క గోడకి ఆనించిన ఆయన సైకిలు వెనక చక్రం వైపు చూసింది.

"నాకు చక్రం ముందు బారెడు నేల కనబడుతుందండీ," అంది ఆవిడ. వేరెవరి సంగతో చెబుతున్నట్టు తాపీగా ఉంది గొంతు. "ఆపైనంతా మసకే. కొండ దిగేటప్పుడు ఈయన ముందుంటారు. తొక్కరు కాబట్టి హబ్బు మోగుతుంది. అది ఎటు తిరిగితే నేనూ అటు. పాతది అరిగిపోయి గోలగోలగా ఉండేది, మాకదే బావుండేది. నిన్న పొద్దున చలి. మొదటి మలుపు దాకా సన్నగా వినబడింది. రెండో మలుపులో అసలేమీ లేదు. నేను తిన్నగా వెళ్ళిపోయా."

"ఎక్కడికి?" అంది బెండక్క.

"తుప్పల్లోకి. తుప్పలున్నాయి కాబట్టి తుప్పల్లోకి." ఆవిడ కొంచెం నవ్వింది. ఆయన నవ్వలేదు.

"గొంతెత్తి పిలుద్దామంటే గాలికి చెదిరిపోతుందండీ," అన్నాడు. "గంట కొడదామంటే చేతులు బ్రేకుల మీదుండాలి. ఎందుకొచ్చిందిలే, ఇంక కొండ మానేద్దాం అన్నాను."

"అన్నారు. అనడం ఆయనకి తేలికే. వారమంతా గోడలు పట్టుకునో ఈయన్ని పట్టుకునో నడుస్తానండీ. ఆదివారం రెండు గంటలు ఎవర్నీ పట్టుకోను. ఎనిమిదేళ్ళుగా అదొక్కటే నాది," అంది ఆవిడ. "అందుకే వచ్చా. దాన్ని ఇవాళే నోరు తెరిపించే దారేదైనా ఉందా?"

బెండక్క సైకిలు లోపలికి తెచ్చింది. చక్రం ఊడదీసి, వాళ్ళ ఎదటే బల్ల మీద హబ్బు విప్పింది. గ్రీజు ముద్దగట్టి, నాలుకలు మూడూ అందులో కూరుకుపోయి ఉన్నాయి.

"నేను ముట్టుకోవచ్చా?" అంది ఆవిడ. బెండక్క ఆ చెయ్యి పట్టుకుని చూపించింది. ఆవిడ వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, వాసన చూసింది. "చాలా ఉందే. కంపెనీ నుంచి ఇలాగే వస్తుందా?"

"అవునండి మేడం!" తమ్ముడు అందుకున్నాడు. "వీళ్ళెప్పుడూ ఇంతే, దిట్టంగా కూరేసి పంపిస్తారు. మేం ఇవాళే వాళ్ళకి కంప్లైంటు పెడతాం, మీరేం దిగులు పడకండి."

ఎంత నున్నగా ఆడాడు! వెధవ, ఒక్క క్షణం తడుముకోలేదు. బెండక్కకి వాడిని చూస్తే అసహ్యం వేసింది. శుక్రవారం తన మాట కూడా ఇంత నున్నగానే వచ్చిందని వెంటనే గుర్తొచ్చింది.

"కాదు. నేను పెట్టా," అంది.

"పెట్టడం అవసరమాండీ?" అన్నాడాయన. ఇంకా అంత నమ్మకంగానే అడిగాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

"అవసరం లేదు. పెట్టకూడదు కూడా. మీరు మోగాలన్నారు, అది నాకు నచ్చలేదు. వీధిలో నలుగురూ చూడాలని అడుగుతున్నారనుకున్నా. నాలుగు రోజుల మాట కూడా అబద్ధమే. నాలుగేళ్ళు తిరిగినా అది నోరు తెరవదు."

తమ్ముడు బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఆ రోజు మీకు చెప్పబోయాను," అన్నాడాయన.

"చెప్పనివ్వలేదు నేను."

తమ్ముడి చేతిలోని గుడ్డ అడిగి తీసుకుని, ఆయన భార్య వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. "శుభ్రం చేయండి," అంది. అంతే. ఆ రెండు మాటల్లో కోపం లేదు. ఉన్నదేమిటో బెండక్కకి బాగా తెలుసు. రోజుకి పదిమంది మీద తను వాడేదే. మొదటిసారి తన మీదకి వస్తే ఎంత చల్లగా తగులుతుందో తెలిసింది.

కిరోసిన్‌లో బ్రష్షు ముంచి నాలుకలు కడిగింది. స్ప్రింగులు పట్టకారుతో తీసి, తుడిచి, మళ్ళీ కూచోబెట్టింది. పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదంతా పిన్నీసుతో గీకింది. ఒక్కో నాలుకకి ఒక్కో చుక్క పల్చటి నూనె. మూసి, సైకిలుకి బిగించి, తిప్పి వదిలింది.

రెండు గదులూ టర్ర్‌ర్‌మని నిండిపోయాయి. ఆయన భార్య మొహం సరిగ్గా చక్రం వైపు తిరిగింది. అప్పటిదాకా దేనివైపూ అంత సూటిగా తిరగలేదు.

"బావుంది," అన్నాడాయన. "కాని కొండ మాత్రం వద్దు. నావల్ల కాదు. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు లేవు. ఇంకోసారి ఆ దారిలో ముందు నడవడం నావల్ల కాదు."

"మీరు నడవద్దు, ఈవిడ నడుస్తారు. ముందు ఈ వీధిలో చూస్తా," అంది ఆవిడ. బెండక్క నిలబడ్డ చోటుకి తిరిగింది. "సైకిలు తొక్కుతారా?"

"తొక్కుతా."

"కింద మలుపు దాకా మీరు ముందు వెళ్ళండి. నేను వెనక వస్తా."

"మోచెయ్యి..."

"దెబ్బ మోచేతికేగా, చెవికి కాదు."

"పట్టపగలు, వీధినిండా జనం చూస్తుంటే..." అంటూనే బెండక్క నాలిక కరుచుకుంది.

"చూడనివ్వండి, జనం," అంది ఆవిడ.

బెండక్క ఆవిడ సైకిలు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిలు తిన్నగా తిప్పి బిగించింది. బ్రేకులు రెండూ నొక్కి చూసింది. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. భార్య చెయ్యి పట్టుకుని హ్యాండిలు మీద పెట్టి, మెట్ల మీద కూలబడ్డాడు. బెండక్క ఆయన సైకిలు సీటు దించుకుని ఎక్కింది.

కంగారులో పది గజాలు తొక్కేసింది.

"తొక్కకండి! వినబడటం లేదు!" వెనకనుంచి కేక.

బెండక్క కాళ్ళు ఆపింది. హబ్బు నోరు తెరిచింది. కొట్లలో వాళ్ళు, అరుగుల మీద వాళ్ళు, ఒక్కొక్కరే తల తిప్పారు. ముందు ఒక సామాన్ల బండి ఆగి ఉంది. బెండక్క కుడికి తీసింది. వెనక టైరు చప్పుడు కూడా కుడికి జరిగింది. బండి దాటాక ఎడమకి వచ్చింది. అదీ వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరైనా తన వెనక ఇంత దగ్గరగా, ఇంత నమ్మి వచ్చారా? ఆవిడకి గుర్తు రాలేదు. వీపంతా చెమట పట్టింది.

కాఫీ కొట్టు ముందు పొట్ట కార్బన్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఇంత చేశాడు.

"ఏంటి బెండక్కా! ఆఖరికి నువ్వు కూడా గజ్జెలు కట్టావే!"

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. బెండక్క నాలిక చివరికి జవాబు వచ్చేసింది. వాడి పొట్టనీ, వాడి సీటు బోల్టునీ కలిపి కొట్టే జవాబు. వారం రోజులు చెప్పుకుని నవ్వుకునేంత మంచిది. దాన్ని మింగేసింది. తను మాట్లాడితే వెనక ఆవిడకి చక్రం వినబడదు.

పెడళ్ళ మీద కాళ్ళు కదలకుండా పెట్టుకుని, నోరు మూసుకుని, మలుపు తిరిగింది. వెనక టైరు కూడా మలుపు తిరిగింది.